కడిగిన లారీలో గుడ్డు

ఆ రోజుల్లో నా అంత శుభ్రమైన మనిషి విశాఖపట్నంలోనే లేడని నా నమ్మకం. (ఒంటి సంగతి కాదు, లారీ సంగతి.) గోపాలపట్నం దాటాక ఒక షెడ్డులో కోళ్ల లారీలు కడిగేవాణ్ణి. రెట్టలు గీకి, సబ్బునీళ్లతో తోమి, మందు కొట్టాలి. ఆ నీళ్లు పక్కన పారే గెడ్డలో కలవకూడదు, సున్నం చల్లిన గోతిలోకే పోవాలి. ఒక ఫారం రోగం ఇంకో ఫారానికి లారీ ఎక్కే వెళ్తుందని మా యజమాని, గోదావరి నుంచి వచ్చినాయన, రోజూ చెప్పేవాడు. కడిగేవాళ్ల ఇంట్లో కోడి ఉంటే పనిలోంచి తీసేస్తానని కూడా చెప్పాడు. నేను బుద్ధిగా తలూపాను.

మా ఆవిడ మాత్రం పుట్టింట్లో ఉన్న తన పెట్టను తెమ్మని నెలరోజులుగా పోరుతోంది. అత్తారిల్లు, ఆ తర్వాత మా ఇల్లు, రెండూ యజమాని ఫారానికి వెళ్లే దారిలోనే. ఒక పొద్దున కడిగిన లారీలో డ్రైవరుతో పోతూ పెట్టను బోనులో ఎక్కించి, మా వాకిట్లో దింపేశాను. లారీ మా ఇంటికన్నా శుభ్రంగా ఉంది, పెట్టకేం అంటుతుందిలే అనుకున్నాను. (పెట్ట నుంచి లారీకి ఏమంటుతుందో తట్టలేదు. నా బుర్ర ఒకవైపే నడిచేది.)

ఫారం గేటు దగ్గర యజమాని టైరెక్కి లోపలికి తొంగి చూశాడు. కేకలెయ్యలేదు.

"అద్దంలా కడిగావయ్యా. మరి గుడ్డెవరు పెట్టారు, నువ్వా, డ్రైవరా?"

"నాను కాదండి, బావేనండి," అన్నాడు నన్ను వరసకి బావా అని పిలిచే డ్రైవరు, నావైపు చూపించి.

ఫారం లోపల వేల కోళ్లు. వాటికేమన్నా అయితే నా వల్లే. లారీని వెనక్కి తెచ్చి మళ్లీ మొత్తం కడిగాను, గుడ్డును సున్నపు గోతిలో పూడ్చాను. యజమాని ఒక కాగితం రాసి నా చేత వేలిముద్ర వేయించి, మందు డబ్బాల బీరువా తలుపుకి లోపలివైపు అంటించాడు. అక్షరం రానివాణ్ణి, ఇంకో తప్పు చేస్తే నన్ను పంపేసే కాగితమే అనుకున్నాను. పెట్ట పుట్టింటికి తిరిగెళ్లిపోయింది.

"అన్ని నీళ్లు పోసి కడిగినోడివి, ఒక్క గుడ్డు సూసుకోనేదేటి?" అంది మా ఆవిడ.

ఏళ్ల తరబడి పొద్దున్నే బీరువా తెరిచి, కళ్లు పక్కకి తిప్పుకుని మందు తీసేవాణ్ణి. యాభై దాటాక వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకుని, భయం భయంగా ఆ కాగితం కూడబలుక్కున్నాను. 'ఇకపై ఇతను ఇంట కోడిని ఉంచడు. లారీ ఇంత బాగా కడిగేవాడు మనకు దొరకడు. ఎవరూ ఇతన్ని పనిలోంచి తీయకూడదు.'

అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. బీరువా తలుపు మూసి, వెళ్లి లారీ కడిగాను. కడిగాక బోనులన్నీ ఒకసారి తొంగి చూశాను.