లోపట సూపియ్యి

మా పెద్దబాపు ఏ ఆయిల్ ఫిల్టర్‌నైనా ముందు చెవి దగ్గర ఊపేవాడు. తర్వాత దుకాణదారుతో "లోపట సూపియ్యి" అనేవాడు. పెళ్లిళ్లకు కిరాయికి తిప్పే ఆయన పాత జర్మనీ కారుకు ఫిల్టర్ దొరకడమే గగనం. దొరికినా లోపలి కాగితం మడతలు నాసిరకమైతే ఇంజను పాడవుతుందని ఆయన బెంగ. ఆ ఇంజనే ఇల్లు నడిపేది.

ఒకసారి మర్నాడే మల్లాపూర్‌లో పెళ్లి కిరాయి. కోరుట్లలో, జగిత్యాలలో ఫిల్టర్ దొరక్క సిరిసిల్ల దాకా పోయాం. సంచి మోయడం, నోరు మూయడం నా పనులు. మొదటిది బాగానే చేశాను.

"కోసి సూపిస్తె మల్ల ఎవలికి అమ్మాలె కాకా?" అన్నాడు అక్కడి దుకాణదారు. ఆ సైజులో అదొక్కటే ఉంది. పెద్దబాపు గొణుక్కుంటూ కొన్నాడు.

అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, పోలీసులు బస్సులు ఆపి వెతికే రోజులవి. తిరిగొస్తుంటే రుద్రంగి దగ్గర మా సంచిలో గుండ్రటి ఇనుప డబ్బా చూసి ఎస్సై పది అడుగులు వెనక్కి జరిగాడు.

"ఏందిరా అది? కోసి లోపల చూపించు!"

"కారు ఫిల్టర్ సార్. కోస్తె పనికిరాదు. రేపు పెండ్లున్నది," అన్నాడు పెద్దబాపు.

"కొయ్యమన్నానా లేదా!"

బస్సు డ్రైవరు రంపం ఇచ్చాడు. పెద్దబాపు పళ్లు కొరుకుతూ కోసి, మూత తీసి, లోపలికి తొంగి చూశాడు. మడతలన్నీ ఒత్తుగా, ఒక్క తీరుగా ఉన్నాయి. ఆయన మొహం వెలిగి, వెంటనే వాడిపోయింది.

"గింత మంచి మాలు ఇన్నేండ్లల్ల సూడలే సార్," అన్నాడు. "ఇగ దీన్నేం జేసుకోవాలె?"