పెట్టెలో తడిసిన లైఫ్ జాకెట్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దయ్యం పట్టిందని వంట ఎగ్గొట్టిన ఆడవాళ్లను చూశాను గానీ, దయ్యాన్ని ఎన్నడూ చూడలేదు. మూడో తరగతి దాకే చదివినా, ఎవరో చెప్పింది నమ్మే మనిషిని కాదు. ఇది మాత్రం నా చేత్తో తాకి చూశాను. అందుకే రాస్తున్నాను.

మాది తాడిమర్రి దగ్గర ఊరు. నా కొడుకు ఓబులేసు డ్యామ్‌లో చేపలు పడతాడు. గుండ్రటి పుట్టిలో ఇద్దరు కూర్చుంటారు. ఒకరు తెడ్డు వేస్తే ఇంకొకరు వల వదులుతారు. వాడి జతగాడు మా వీధిలోని నరసింహులు.

పోయిన ఏడాది చేపలు పట్టేవాళ్లకు తలా ఒక ఎర్రటి లైఫ్ జాకెట్ ఇచ్చారు. మా ఇళ్లల్లో కొత్త వస్తువును వెంటనే వాడరు. పాతది చినిగేదాకా కొత్తది పెట్టెలో ఉండాల్సిందే. చేపల కంపు పట్టి నాలుగు రోజులకే పాడవుతుందని, కవరు మూతికి దారం కట్టి నా ఇనుప పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా నడుముకే ఉంటుంది. ఓబులేసు కూడా అడగలేదు. "అది ఏసుకుంటే తెడ్డు ఆడదమ్మా, చంకల్లో రాసుకుంటాది" అన్నాడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం, పెనుకొండలో పెళ్లికి పోవడానికి చీర కోసం పెట్టె తెరిచాను. చేతికి చల్లగా తగిలింది. దారం నేను కట్టినట్టే ఉంది. కవరు లోపల నీళ్లు నిలిచి ఉన్నాయి. విప్పితే జాకెట్ ముద్దగా తడిసి ఉంది. డ్యామ్ నీళ్ల పాచి వాసన. దాని కింద చీర పొడిగా ఉంది, పక్కన కాగితాలూ పొడిగానే ఉన్నాయి. పైకప్పు చూశాను, మచ్చ కూడా లేదు. వాన పడి అప్పటికి నెలలైంది.

ఓబులేసే తడిపి దాచాడని కోపం వచ్చింది. వీడూ నరసింహులూ వలతో బయలుదేరుతున్నారు.

"ఎవరు తడిపినారురా దీన్ని?"

"నేను ముట్టనే లేదమ్మా. బీగంచెవి నీ నడుముకే ఉండాది కదా!"

"ఎవరైతేనేమి, ఇట్లే పెడితే బూజు పడుతుంది. ఏసుకొని పో. ఎండకు నీ ఒంటిమీదనే ఆరుతుంది."

నరసింహులు నవ్వాడు. "ఏమప్పా, పెండ్లికొడుకు మాదిరి ఉండావే! నీళ్లలో గుడ్డలారేసేది ఈడనే చూస్తాండా పెద్దమ్మా."

"నవ్వింది చాలు, పోండి" అని పట్టీలు నేనే బిగించాను. నీదేదిరా అని నరసింహులును అడగాలని తోచలేదు. నా ధ్యాసంతా జాకెట్ ఆరడం మీదే.

బస్సు కోసం నిలబడి ఉండగా గాలి లేచింది. దుమ్ముకు ఎదుటి మనిషి కనబడలేదు. డ్యామ్ కట్ట మీదికి పరిగెత్తాను. నీళ్లు నల్లగా లేచి పడుతున్నాయి. పుట్టి లేదు. అక్కడ చేరినవాళ్లెవరూ నా ముఖం చూడలేదు. ఎంతసేపటికో ఒకాయన అరిచాడు. "ఆడ! ఎర్రగా ఏందో తేలతాండాది!"

ఓబులేసు జాకెట్. అందులో వాడి తల ఒక పక్కకు వాలి ఉంది. కదలడం లేదు. ఇద్దరు ఇంకో పుట్టి వేసుకుపోయి లాక్కొచ్చారు. ఒడ్డున పడుకోబెట్టి కడుపు నొక్కితే దగ్గాడు.

నరసింహులు మరునాడు దొరికాడు. ఊళ్లో అతన్ని మించిన ఈతగాడు లేడు. పుట్టి తిరగబడ్డప్పుడు అంచు తలకు తగిలిందట. తెలివి తప్పినవాడికి ఈత ఏం పనికొస్తుంది?

పదకొండో రోజు పోయాక వాళ్లింటికి వెళ్లాను. అతని భార్య అటక మీది నుంచి జాకెట్ దించి నా ముందు పెట్టింది.

"కొత్తది పెద్దమ్మా. పాడయితాదని నేనే దాచినా."

కవరు విప్పి లోపల చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది.

ఇప్పుడు ఓబులేసు జాకెట్ లేకుండా గడప దాటడు, దాటనివ్వను. ఇది చదివే ఆడవాళ్లు కూడా, ఇంట్లో ఉన్నదాన్ని ఇవాళే బయటికి తీయండి. తడిసేదాకా చూడకండి.

నా పెట్టెలోకి ఆ నీళ్లు ఎట్లా వచ్చాయో నాకు ఈనాటికీ తెలియదు. నాకు అందిన హెచ్చరిక ఆ పిల్లకు ఎందుకు అందలేదో అంతకన్నా తెలియదు.