నేను వెళ్ళినప్పుడు తప్పని అంచు

2022 ఎండాకాలం. విజయవాడ గుణదలలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. యంత్రాలకీ కంప్యూటర్లకీ మధ్య మాట కలపడం నా వృత్తి. దుకాణంలో కాటా చూపించే బరువును బిల్లులోకి తేవడం, రొయ్యల చెరువులో పెట్టిన మీటరు అంకెల్ని రైతు ఫోన్లో చూపించడం, ఇలాంటివి చేస్తాను. మా అమ్మకి ఈ పని ఇప్పటికీ అంతు చిక్కలేదు. చర్చిలో ఎవరైనా అడిగితే "కంప్యూటర్లు బాగుచేస్తుంది" అని చెప్పేస్తుంది. నేనూ దిద్దడం మానేశాను.

ఈ రంగం తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. యంత్రం తన సమాచారాన్ని ఒకదాని వెనక ఒకటిగా, వరసలో పంపడాన్ని సీరియల్ అంటారు. పూర్వం దీనికి వైరు ఉండేది, ఇప్పుడు చాలాచోట్ల బ్లూటూత్ వచ్చింది. జావాస్క్రిప్ట్ అనేది వెబ్ పేజీల్ని నడిపించే భాష. ఆ భాషలో నేను రాసిన పేజీని ట్యాబ్‌లో తెరిచి, కనెక్ట్ అన్న బటన్ నొక్కితే ఆ పేజీయే గాల్లోంచి యంత్రంతో మాట్లాడుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కాకపోతే వైరు తెగితే కంటికి కనిపిస్తుంది, గాల్లో ఏది తెగిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఆటోనగర్‌లో రవిబాబు గారని ఒకాయన చేనేత మగ్గాలకి ఎలక్ట్రానిక్ జాకార్డ్ పెట్టెలు తయారుచేసేవారు. జాకార్డ్ అనేది మగ్గం పైన ఉంటుంది. చీర అంచులో నెమలో మామిడిపిందో రావాలంటే ఏ వరసకి ఏ దారాలు పైకి లేవాలో అదే చూసుకుంటుంది. పాత పద్ధతిలో ఆ లెక్కంతా చిల్లులు పొడిచిన అట్టల్లో ఉండేది. ఈ పెట్టెలో అట్టలు లేవు. నేత మనిషి కాలికర్ర తొక్కగానే ఉన్న వరస ప్రకారం దారాలు లేస్తాయి, వెంటనే పెట్టె తర్వాతి వరస ఇమ్మని బ్లూటూత్‌లో అడుగుతుంది, ట్యాబ్‌లో ఉన్న నా పేజీ పంపుతుంది. రెప్పపాటు పని.

మొదటి పెట్టెను చల్లపల్లి దగ్గర ఒక ఊళ్ళో వీరరాఘవులు గారి మగ్గానికి, కాళ్ళు గుంటలో పెట్టి నేసే గుంట మగ్గానికి, బిగించాం. ఆయనకి యాభై దాటాయి. భార్య సామ్రాజ్యం గారు పక్కనే కూర్చుని కండెలు చుడతారు. చలికాలమంతా చీరలు ముచ్చటగా దిగాయి. రవిబాబు గారు వాటిని చూపించి ఇంకో నాలుగు ఊళ్ళలో మాట్లాడుకున్నారు కూడా. సరిగ్గా ఎండలు ముదిరే వేళకి వీరరాఘవులు గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"అమ్మా, అంచులో నెమలి మెడ ఇరిగిపోతందండీ."

ఫోటో పంపించుకుని చూశాను. మెడ దగ్గర ఒక వరస రెండుసార్లు పడింది, దాని తర్వాత రావలసిన వరస లేనేలేదు. వస్తున్నానని చెప్పి మర్నాడు బస్సెక్కాను. నాకోసం కుర్చీ వేసి, ఫ్యాన్ తిప్పి, మజ్జిగ ఇచ్చారు. ఆయన నేశారు. నెమళ్ళు మెడలెత్తుకుని ఒకదాని వెనక ఒకటి దిగాయి. డాక్టర్ని చూడగానే పంటినొప్పి మాయమైనట్టు ఒక్క తప్పూ లేదు. తిరిగి గుణదల చేరానో లేదో, మళ్ళీ ఫోన్.

ఇలా ఎన్నిసార్లు తిరిగానో. ట్యాబ్ మార్చాను. పెట్టెలో బ్లూటూత్ ముక్క మార్పించాను. పక్కింటివాళ్ళ వైఫై ఆపమని బతిమాలాను, వాళ్ళు నన్ను అనుమానంగా చూశారు. ప్రోగ్రామ్‌లో ఒకచోట వేగం తగ్గించి పంపితే నాలుగు రోజులు అంచు చక్కగా వచ్చింది. పట్టేశాననుకుని రవిబాబు గారికి గొప్పగా చెప్పాను. ఆ నాలుగు రోజులూ అకాల వర్షాలు. మబ్బు విడవగానే నెమలి మెడ మళ్ళీ విరిగింది. వానకీ జావాస్క్రిప్ట్‌కీ చుట్టరికం ఏమిటో నాకు తట్టలేదు. నిద్రలో కూడా నెమళ్ళే.

చివరికి లాగ్ తీసి చూశాను. లాగ్ అంటే ప్రోగ్రామ్ తను చేసిన ప్రతి పనినీ రాసుకునే చిట్టా. తొక్కిన ప్రతిసారీ పెట్టె అడిగింది, అడిగిన ప్రతిసారీ పేజీ పంపింది. ఒక్కటీ తప్పిపోలేదు. ఇక మిగిలింది మనిషే. కాలు సగం తొక్కి వదిలేస్తున్నారా, తెలియకుండా రెండోసారి తొక్కుతున్నారా అని ఫోన్లో అడిగాను. నాకు వేరే దారి కనపడలేదు.

"అయ్యుండొచ్చండీ," అన్నారాయన. "చిన్నప్పట్నించీ తొక్కుతున్న కాలు. ఇప్పుడు దాని మాట నాకే తెలీట్లేదేమో."

వెనక నుంచి సామ్రాజ్యం గారి గొంతు వినిపించింది. "నేను చెప్తానే ఉన్నాను కదండీ. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఊరికే పెట్టెనంటారు. ఆ అమ్మాయి వచ్చినప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నేత్తారు, ఎళ్ళిపోగానే ధ్యాస తప్పుద్ది."

ఆమె మాటలో తర్కం ఉంది. అదే నన్ను ఇంకా గందరగోళంలో పడేసింది. నేనున్నప్పుడు తప్పు రాకపోవడానికి అంతకంటే మంచి కారణం నా దగ్గరా లేదు. చీరలు కొనే షావుకారు వాటిని తిప్పి పంపుతున్నాడు. వారం తిరక్కుండా రవిబాబు గారు ఫోన్ చేసి, వీరరాఘవులు గారు మగ్గం దిగిపోతున్నారని చెప్పారు. గుడివాడలో బావమరిది బట్టల కొట్లో కూర్చుంటారట, చేతిలో ఉన్న చీరే ఆఖరిదట. "మీరు అటు వెళ్తే ట్యాబ్ తెచ్చేయండి," అన్నారు. నాకు చాలా బాధేసింది. ఆయన కాలు తప్పిందని నాకు నమ్మకం లేదు. తప్పలేదని చెప్పడానికి ఆధారమూ లేదు.

ఆ ఆదివారం మా మేనకోడలు కూచిపూడిలో నాట్యం చేస్తోందంటే వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో చల్లపల్లి వైపు ఆటో ఎక్కాను. ఎప్పుడూ ముందు ఫోన్ చేసే వెళ్ళేదాన్ని. ఆరోజు చెయ్యలేదు. చేసి ఏం చెప్పాలో తెలియలేదు.

మిట్టమధ్యాహ్నం. పడమటి గాలి మొహం మాడ్చేస్తోంది. గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయాను. ఆ గది నేనెరిగిన గది కాదు. కుర్చీ లేదు, ఫ్యాన్ ఆపేసి ఉంది. కిటికీకీ మగ్గానికీ మధ్య దండెం కట్టి, దాని మీద నీళ్ళోడుతున్న గోనెపట్టాలు రెండు మడతలుగా వేలాడదీశారు. వాటికి ఇవతల, మగ్గం మీద, రవిబాబు గారి రేకు పెట్టె. అవతల, కిటికీ పక్కన ప్లగ్గు దగ్గర, నా ట్యాబ్.

"అయ్యో, చెప్పకుండా వచ్చారేంటండీ," అంటూ సామ్రాజ్యం గారు గబగబా లేచి గోనెలు లాగేయబోయారు.

"ఉంచండి, ఉంచండి. ఇవి ఎప్పుడూ ఉంటాయా?"

"ఎండాకాలం కదండీ. ఈ గాలికి పడుగు పోగులు టపటపా తెగిపోతాయి. తడి ఉండాలి. వానపడితే అక్కర్లేదు."

"మరి నేనెప్పుడూ చూడలేదే?"

ఆమె నన్ను వింతగా చూశారు. "మీరొత్తన్నారంటే తీసేత్తాం కదండీ. వచ్చిన మనిషిని ఆ గోనె కంపులో కూకోబెడతామా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బ్లూటూత్ తరంగాలు గోడనైనా కొంత దాటుతాయి గాని, నీళ్ళంటే వాటికి గిట్టదు. తడిసిన గోనె వాటిని తాగేస్తుంది. పోయిన కబురును బ్లూటూత్ తనంతట తనే మళ్ళీ మళ్ళీ పంపుతుంది కాబట్టి కబురు చేరుతుంది, కానీ ఆలస్యంగా. ఈలోగా ఆయన కాలు మళ్ళీ పడుతుంది. పెట్టె దగ్గర పాత వరసే ఉంటుంది, అదే లేస్తుంది. ఆ తొక్కుకి పెట్టె ఇంకో వరస అడుగుతుంది, అది వచ్చి ఆలస్యమైన వరసని తుడిచేస్తుంది. నా లాగ్ మాత్రం పంపాను అనే రాసుకుంటుంది. అందిందా అని అది ఎవర్నీ అడగలేదు. వాన రోజుల్లో గోనె లేదు, నేనొచ్చిన రోజుల్లో మర్యాద కొద్దీ గోనె లేదు.

గోనెలు ఉంచే నేయమన్నాను. కాసేపటికే నెమలి మెడ విరిగింది. అవి తీయించి నేయమన్నాను. విరగలేదు. మళ్ళీ వేయించాను, మళ్ళీ విరిగింది. వీరరాఘవులు గారు అడ్డపోగు వేసే నాడె పక్కన పెట్టి గుంటలో ఉన్న తన కాళ్ళకేసి చూసుకున్నారు.

"అయితే నా కాలు కాదన్నమాట."

"కాదండీ. ఏ రోజూ కాదు."

సామ్రాజ్యం గారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఇన్నాళ్ళూ నోటికొచ్చినట్టు అన్నాను మిమ్మల్ని," అన్నారు భర్తతో. ఆయన పక్కనున్న చెంబు అందుకుని, ఆరుతున్న గోనె మీద నీళ్ళు చిలకరించారు. "మరి ఇది తీసేత్తే పోగు తెగుద్ది కదండీ," అన్నారు నాతో. గుడివాడ ఊసు ఎత్తలేదు.

గోనె తీయక్కర్లేకుండా చేశాం. రవిబాబు గారు బ్లూటూత్ ముక్కను పెట్టెలోంచి బయటికి తీసి, వైరుతో దూలం మీదికి, గోనెలకంటే ఎత్తుకి చేర్చారు. నేను ప్రోగ్రామ్ మార్చాను. ఇప్పుడు వరస అందగానే పెట్టె తిరిగి అందిందని చెప్పాలి. చెబితే తెర మీద పచ్చరంగు, చెప్పేదాకా ఎర్రరంగు. ఎర్రగా ఉన్నంతసేపు తొక్కొద్దని ఆయనకి చెప్పాను. ట్యాబ్‌ను ఆయనకి ఎదురుగా కట్టాం.

అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా, పని రోజూ ఎలా జరుగుతుందో అలాగే జరగనివ్వమని, నాకోసం ఏదీ సర్దొద్దని ముందే చెబుతున్నాను. అయినా సర్దుతారు. అందుకే ఒక్కసారైనా చెప్పకుండా వెళ్తాను. ప్రోగ్రామ్ ఏదైనా సరే, పంపానన్న మాటతో ఊరుకోదు, అందిందన్న జవాబు తీసుకుంటుంది. కానీ అసలు పాఠం ఆ ఏడు దసరా ముందు వీరరాఘవులు గారు ఫోన్లో చెప్పారు.

"అమ్మా, ఇయ్యాల నెమలి మెడ ఇరిగిందండీ."

వెంటనే అడిగాను, "ఎర్రగా ఉందాండీ?"

"లేదండీ, పచ్చగానే ఉంది. ఎవరో పిలిస్తే అటు తిరిగి రెండుసార్లు తొక్కేశాను. ఇది మాత్రం నాదేనండీ. నా కాలి మాట మళ్ళీ నాకు తెలుస్తందండీ." ఆ గొంతులో అంత సంతోషం అంతకు ముందెప్పుడూ వినలేదు. "విప్పేసి మళ్ళీ నేత్తన్నాను. మీకు చెబుదామనిపించింది, అంతే."