ఆరింటికి టీచరమ్మ ఫోను

పోయిన గురువారం మా టీచరమ్మ చనిపోయారు. కబురు వచ్చేసరికి నేను కార్ఖానా ఏరియాలో, మా ల్యాబు రిసెప్షన్‌లో కూర్చుని ఎవరికో ఫోనులో దారి చెబుతున్నాను. అది పెట్టేసి నా సెల్ ఎత్తితే ఆమె కోడలు. "అమ్మీ లేదక్కా. పొద్దుగాల నిద్రలనే పోయింది," అంది. వరసలో ఉన్న ముగ్గురికి టోకెన్లు ఇచ్చాక గాని నాకు ఏడుపు రాలేదు.

ఆవిడ ఇల్లు రెజిమెంటల్ బజార్‌లో. బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. మాకు పరిచయం నా తెలివితక్కువతనం వల్లే కలిగింది. ఫోనెత్తితే ఇంగ్లీషే మాట్లాడాలని మా ఓనరు హుకుం జారీ చేసిన కొత్త. రక్తపరీక్షకు దారి అడిగిన ఒకావిడకు 'బిఫోర్ ద మాస్క్' అని ఠీవిగా చెప్పాను. మసీదు ఎదురుగా అని నా ఉద్దేశం. ఇంకొకరైతే అర్థం చేసుకుని వచ్చేసేవారు. ఈవిడ నా మాట నమ్మి, మసీదు రాకముందే ఆటో దిగి, పరగడుపున ఎండలో వీధులన్నీ తిరిగారు. చివరికి చెమటలు తుడుచుకుంటూ వచ్చి నా ఎదుట కూలబడ్డారు. ఇవాళ నా పని అయిపోయిందనుకున్నాను.

"ఏందమ్మా, గిట్ల చెప్తే పేషెంట్లు మల్కాజిగిరి పోతరు. ఆదివారం ఇంటికి రా, నేర్పిస్త," అన్నారు.

అప్పటికి నాకు నలభై నిండాయి. కొత్త గ్రామర్ పుస్తకం కొనుక్కుపోతే దాన్ని అవతల పెట్టేశారు. బీరువా తాళంచెవి చేతికిచ్చి డబ్బాలో పెట్టు, డబ్బా మీద పెట్టు, మంచం కింద పెట్టు అనేవారు. పెట్టిన చోటల్లా ఇంగ్లీషులో చెప్పాలి. వంగి లేచి నా నడుము విరిగేది, ఆవిడ మాత్రం కుర్చీలో కూర్చుని చాయ్ తాగేవారు.

"మన తెలుగుల 'మీద', 'కింద' పేరు ఎనకాల నడుస్తయి. ఇంగ్లీషుల ముందు నడుస్తయి. గంతే ఫరక్. పరేషాన్ గాకు," అనేవారు. ఇక్కడ 'ఎట్' ఎందుకు, 'ఇన్' ఎందుకు కాదు అని నేను వాదిస్తే, "కారణం అడుగకు. దావత్‌ల ఎవరి పక్కన ఎవరు కూసుంటరో చూస్తవు గదా, ఇది సుత గట్లనే చూస్కో," అని నవ్వేవారు.

చదువు ఒంటబట్టాలని రోజూ సాయంత్రం ఆరింటికి ఫోను చేసేవారు. "వేర్ ఆర్ యూ?" అదొక్కటే ప్రశ్న. స్టాపులో నిలబడితే ఒక జవాబు, బస్సెక్కితే ఒకటి, కాప్రాలో మా గదికి చేరితే ఇంకొకటి. తప్పయితే దిద్ది పెట్టేసేవారు. పాఠాలు ముగిసి ఏళ్లయినా ఆ ఫోను మాత్రం మానలేదు. మా ఆయన పోయారు, పిల్లలు లేరు. ఇంత ఊళ్లో నేనెక్కడున్నానని అడిగే మనిషి ఆవిడ ఒక్కరే.

ఆవిడ పోయిన వారంలోనే, సోమవారం నాడు తలనొప్పితో తొందరగా వచ్చి పడుకున్నాను. ఆరింటికి ఫోను మోగింది. మాట్లాడే ఓపిక లేదు. "ఐయామ్ ఆన్ ద బస్," అనేశాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఫోనులో వినపడేదేమీ లేదు.

"సెంటెన్స్ కరెక్టే బిడ్డా. జెర పైలంగ దిగు," అని పెట్టేశారు.

మంగళవారం ఫోను రాలేదు, బుధవారమూ రాలేదు. నిజం చెప్పొద్దూ, హమ్మయ్య అనుకున్నాను. ఆ మాట తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మూడో రోజు ఫాతిహా ప్రార్థనకి వాళ్లింటికి వెళ్లాను. కోడలు నా పక్కన వచ్చి కూర్చుంది.

"నీకు ఫోన్ చేస్తలేదేందని నేనే అడిగినక్కా. 'అలిసిపోతున్నది పాపం, నేను ఫోన్ జేసి తంగ్ చెయ్య. తనే చేస్తది తియ్,' అన్నది. రెండు దినాలు ఆరు గొట్టంగనే గుమ్మంల కుర్చీ ఏస్కొని, ఫోన్ ఒళ్లె పెట్టుకొని కూసున్నది. అన్నానికి పిలిస్తే సుత లేవలే."

ఆ రెండు సాయంత్రాలూ ఆరింటికి నేను కాప్రాలో, మా గదిలో, మంచం మీద ఉన్నాను. ఫోను నా పక్కనే ఉంది.