తమ్ముడి ఓడ, నా వరి

ఆ రోజు చెరువు కట్ట మీద ఉన్నవాళ్లందరినీ అడిగారు, నన్ను తప్ప. మైకులు పట్టుకుని వచ్చినవాళ్లు మక్క కంకులు కాల్చే ఆమెను అడిగారు. బర్రెలను తోలుకుపోతున్న ముసలాయనను ఆపి మరీ అడిగారు. డిపోలో బస్సు తప్పిపోయి, పొద్దుపోక కట్టెక్కిన పొరుగూరి మనిషి ఒకడు రెండు చానళ్లతో మాట్లాడాడు. నేను బురద కాళ్లతో వాళ్ల పక్కనే నిలబడి ఉన్నాను. కెమెరాకు అడ్డం వస్తున్నానని పక్కకు తప్పుకోమన్నారు. తప్పుకున్నాను. ఇన్నాళ్లూ ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని చూశాను. రాలేదు. అందుకని అడగకుండానే చెబుతున్నాను.

ఓడ నడిపినవాడు మా చిన్నాయన కొడుకు. ఉండేది మీర్‌పేట్‌లో, ప్లాట్లు అమ్మే ఆఫీసు మన్నెగూడలో. వాడి కొత్తింటి దావత్‌లో నేను విస్తరి ముందు కూర్చునేసరికి మటన్ అయిపోయిందని పప్పు వేసిన సంగతి ఇక్కడ అనవసరం. అయినా చెబుతున్నాను, ఎందుకంటే నా తర్వాతి వరుసకు మటన్ వచ్చింది.

వాడికి సముద్రం పిచ్చి ఫోనులోంచి పట్టింది. ఒంటరిగా సముద్రాలు దాటేవాళ్ల వీడియోలు చూసీ చూసీ, తానూ బందరు నుంచి అండమాన్ దాకా ఒక్కడే పోతానని ప్రకటించాడు. మా వంశంలో సముద్రాన్ని చూసినవాళ్లే తక్కువ. మా బాపు ఒకసారి తిరుపతి నుంచి మద్రాసు పోయి చూసొచ్చి, నీళ్లు ఉప్పగా ఉన్నాయని చెప్పి, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అంతటితో అయిపోవాల్సిన సంబంధం అది.

ఓడ అని వాడన్నాడు కాబట్టి నేనూ అంటున్నాను. అది మేడ మీద పెట్టే నల్లటి నీళ్ల ట్యాంకు. అపార్టుమెంట్లకు పెట్టే పెద్దది. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి పైభాగం కోయించాడు. రెండు వైపులా ఖాళీ డ్రమ్ములు కట్టాడు. తెరచాపకు తగిన బట్ట దొరకలేదని ఆఫీసు ముందున్న ఫ్లెక్సీ విప్పి వెదురు బొంగుకు కట్టాడు. దాని మీద బారెడు అక్షరాలతో 'ప్లాట్లు అమ్మబడును, క్లియర్ టైటిల్, వెంటనే రిజిస్ట్రేషన్' అని ఉంది. సముద్రానికి పోయే ముందు మా ఇబ్రహీంపట్నం చెరువులో ఒకసారి నడిపి చూడాలని దాన్ని ట్రాలీలో తెచ్చాడు.

అప్పుడు నేను చెరువు కింద మా పొలంలోనే ఉన్నాను. యాసంగి వరి పండి పచ్చబంగారంలా వంగి ఉంది. కోత మిషన్ అతను మర్నాడు పొద్దున్నే వస్తానన్నాడు. పొలం ఆరితేనే మిషన్ దిగుతుంది కనుక మేం ఆయకట్టు రైతులమంతా చెప్పుకుని ముందే తూము మూయించాం. ఆ పంట తప్ప ఆ ఏడు మా ఇంటికి వచ్చేది ఇంకేమీ లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ రోజు దీన్ని గుర్తుపెట్టుకున్నది నేనొక్కడినే.

కట్టెక్కి వాడితో చెప్పాను. "తమ్మీ, గాలి మోపైతున్నది. ఇయ్యాల వద్దు."

"గాలి లేకుంటే ఓడ ఎట్ల నడుస్తదన్నా?" అన్నాడు.

అయితే మునగకుండా ఒంటి మీద రబ్బరు జాకెట్ వేసుకొమ్మన్నాను. వేసుకుంటే చొక్కా మీద అచ్చేయించిన పేరు కనబడదని దాన్ని బతుకమ్మ ఘాట్ మెట్ల మీదే పెట్టి ఎక్కాడు.

ఫ్లెక్సీకి గాలి తగిలింది. ట్యాంకు గిర్రున తిరిగి, తెడ్డుగా పెట్టుకున్న చెక్కను నీళ్లలో పారేసి, నేరుగా నడి చెరువులోకి పోయింది. వాడు రెండు చేతులూ ఎత్తి ఊపాడు. కట్ట మీది జనం సంతోషపడి తిరిగి చేతులు ఊపారు. చాలాసేపు ఇలాగే ఊపుకున్నారు. వాడు పిలుస్తున్నాడని నేను ముగ్గురు నలుగురికి చెప్పాను. సినిమాకు అడ్డొచ్చినవాణ్ని చూసినట్టు చూశారు.

సాయం చేసేవాళ్లలో మొదట వచ్చింది రెవెన్యూ వాళ్లు. వాళ్లు కాపాడటానికి రాలేదు. చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే జాగాలో, ప్లాట్లు అమ్ముతున్నారని ఎవరో ఫోన్ చేశారట. జీపు దిగి, మైకులో, ఒడ్డుకు వచ్చి లేఅవుట్ అనుమతి చూపించాలని మా తమ్ముణ్ని హెచ్చరించారు. వాడు మళ్లీ చేతులు ఊపాడు. తర్వాత పోలీసులు వచ్చారు, తర్వాత నాయకులు, వాళ్ల వెనక కెమెరాలు. చేపలు పట్టేవాళ్లు తమ థర్మకోల్ తెప్పలను చూపించి, గాలి కొంచెం తగ్గగానే పోయి తెస్తామని, అంతవరకు ఆయన ఎక్కడికీ పోడని అన్నారు. నిజానికి ఆ మాటతో పని అయిపోవాలి. కానీ కెమెరాలు వచ్చాక, ఆగుదాం అనే మాటను ఎవరు ఒప్పుకుంటారు?

మా దిక్కు ఒక ఆచారం ఉంది. బావిలోనో క్వారీ గుంతలోనో మనిషి పడితే ఊళ్లో ఉన్న మోటార్లన్నీ తెచ్చి నీళ్లు తోడేస్తారు. నా మోటారు కూడా అట్లా పోయింది, మంచి పనికి పోయింది కాబట్టి నేనేమీ అనలేదు. ఆ ఆచారాన్ని ఆ రోజు ఎవరో చెరువుకు పెట్టారు. "నీళ్లు ఇడుస్తే కాళ్లు ఆనుతయ్. నడుసుకుంట వస్తడు" అన్న మాట గుంపులోంచి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. బావికీ కనుచూపు మేర నీళ్లున్న ఈ చెరువుకూ తేడా ఆలోచించినవాళ్లు ఉండే ఉంటారు, కానీ వాళ్లు మైకుకు దూరంగా ఉన్నారు. తూము ఎత్తండి అన్నారు.

నేను జనాన్ని తోసుకుని పోయాను. కింద వరి కోతకున్నదని, రేపే మిషన్ వస్తుందని, తెప్పలు ఉన్నాయి కదా అని చెప్పాను. తెల్లచొక్కా నాయకుడొకాయన నా వైపు తిరిగాడు.

"పెద్దమనిషీ, మనిషి పానమా, వడ్లా?"

కట్ట మీది జనమంతా, వాణ్ని నేనే నీళ్లలోకి నెట్టినట్టు చూశారు. పానమే అన్నాను. ఇంకేమంటాను? వాడు నా తమ్ముడు. తూము హ్యాండిల్ తిరిగింది. నీళ్లు నా పొలం దిక్కు దూకిన చప్పుడు నాకు వినబడింది.

ఎంత తగ్గిందో చూడటానికి ఒకతను అంచులో పుల్ల గుచ్చి దాని పక్కనే కూర్చున్నాడు. పుల్ల దగ్గర నీళ్లు వెంట్రుకంత కూడా కదల్లేదు. తగ్గుతున్నది, తగ్గుతున్నది అని మాత్రం చెబుతూనే ఉన్నాడు. ఇంతలో గాలి దిశ మారింది. ట్యాంకు తనంతట తానే వెనక్కి వచ్చి ఘాట్ మెట్లకు కొట్టుకుంది. తమ్ముడు దిగితే నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఒడ్డున ఎప్పుడూ అంతే ఉంటాయి.

"సూసిండ్రా, ఆనినయ్ కాళ్లు" అన్నాడు పుల్ల మనిషి.

అందరూ వాడి చుట్టూ మూగారు. శాలువా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. నేను తూము దగ్గరికి పరుగెత్తాను. అది ఎత్తినట్టే ఉంది. దించుదామంటే హ్యాండిల్ లేదు. ట్రాక్టర్ పానాతో తిప్పి చూశాను, జారి గోరు ఊడింది. మళ్లీ ఘాట్‌కు పరుగెత్తి హ్యాండిల్ ఏదని అడిగాను. ఫోటో అయినంక చూద్దామన్నారు. ఆ ఫోటోలో నేనూ ఉన్నాను, వెనక వరుసలో, నోరు తెరిచి హ్యాండిల్ అడుగుతూ. మర్నాడు పేపర్లో దాని కింద 'ఆనందంలో గ్రామస్థులు' అని వేశారు. హ్యాండిల్ ఎవరిదో జీపులో వెళ్లిపోయి, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగి వచ్చింది. అప్పటికి వరి నీళ్లలో పడుకుంది. మిషన్ డ్రైవరు కిందికి కూడా దిగకుండా చూసి, తిప్పుకుని వెళ్లిపోయాడు. నీళ్లు ఇంకేసరికి గింజలు మొలకలెత్తాయి.

పంట నష్టం రాయించుకోవడానికి మండల ఆఫీసుకు పోయాను. అక్కడి ఆయన మంచివాడే, కుర్చీ కూడా వేశాడు.

"వాన పడ్డదా?"

"పడలే."

"వడగండ్లు?"

"అవీ లేవు సార్."

"మరి గన్ని నీళ్లు ఎక్కడియి?"

"మా తమ్ముని కాపాడనీకి చెరువు ఇడిసిండ్రు."

ఆయన పెన్నుకు మూత పెట్టాడు. వాన, వడగండ్లు, ఈదురుగాలి అయితే రాయవచ్చునని, మనిషిని కాపాడటం విపత్తుల్లోకి రాదని చెప్పాడు. నీళ్ల శాఖ వాళ్లను అడిగితే, తూము తాము ఎత్తలేదు కాబట్టి అది ఎత్తినట్టు కాదన్నారు. పోలీసులు, మనిషి బతికాడు కదా, ఇంక కేసేముందన్నారు. తెల్లచొక్కా ఆయన నన్ను గుర్తుపట్టి, భుజం తట్టి, మనిషి పానమా, వడ్లా అని మళ్లీ అడిగాడు. పుల్ల మనిషి ఇప్పుడు నన్ను చూస్తే వీధి మారుస్తాడు.

పోయిన వారం తమ్ముడు మిఠాయి డబ్బాతో వచ్చాడు. కొత్త ఓడ తయారైంది, ఈసారి రెండు ట్యాంకులు. ఆదివారం మన్నెగూడ ఆఫీసు ముందు వీడ్కోలు సభ, అటు నుంచి లారీలో బందరు. అన్నగా నేను వేదిక మీద రెండు మాటలు మాట్లాడాలట. ఆ రోజు తూము ఎత్తమన్నది ఎవరని అడిగాను. నేను నీళ్లల్ల ఉంటి కదన్నా, నాకేం ఎర్క అన్నాడు. అదీ నిజమే.

"సముద్రంల గిట్లనే ఆగిపోతే ఎవలొస్తరు తమ్మీ?"

"నేవీ వాళ్లుంటరు, హెలికాప్టర్ వస్తది. నువ్వేం ఫికర్ జెయ్యకు."

వాడు వెళ్లాక మిఠాయి తింటూ కూర్చున్నాను. బందరులో వల వేసుకుని ఉన్న ఎవడో ఒకడు వీడు చేతులు ఊపడం చూస్తాడు. వల వదిలేసి పడవ తిప్పుతాడు, తిప్పాలి కూడా. మనిషిని కాపాడొద్దని నేను ఆ రోజూ అనలేదు, ఈ రోజూ అనను. వాడు ఒడ్డుకు చేరాక శాలువా కప్పుతారు. ఆ వల ఏమైందని అడిగేవాడు మాత్రం ఉండడు.

అందుకని ఆదివారం నేను వేదిక ఎక్కుతాను. తెల్లచొక్కా ఆయనా వస్తాడు, రెవెన్యూ వాళ్లూ వస్తారు, ఆ మైకులవాళ్లూ వస్తారు. నా రెండు మాటలు ఇవే: తూము ఎత్తమన్నది ఎవరు, దించకుండా పోయింది ఎవరు? మీలో ఒక్కరు లేచి, నేనే అని చెప్పండి. ఎవరూ లేవకపోతే వేదిక దిగి లారీ ముందు కూర్చుంటాను, చెప్పేదాకా లేవను.