చూడని ఎనిమిది కాగితాలు

పొద్దున బీరువా సర్దుతుంటే ట్రేసింగ్ కాగితాల కట్ట చేతికి తగిలి కరకరలాడింది. ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు వింటే నాకు కామేశ్వరి మేడమే గుర్తొస్తారు.

తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఆవిడ వాతావరణం పాఠాలు చెప్పేవారు. నేను ఆవిడ ల్యాబులో అసిస్టెంటుని. సముద్రంలో తుపాను పుట్టిందంటే చాలు, అరగంటకొకటి వచ్చే శాటిలైట్ బొమ్మ మీద కాగితం ఆనించి, మేఘం అంచు పెన్సిలుతో గీసి టైము వేయాలి. తర్వాత ఆవిడ కాగితాలన్నీ ఒకదానిమీదొకటి పేర్చి కిటికీ అద్దానికి పెట్టి చూసేవారు. కంప్యూటరే ఆ బొమ్మల్ని వరసగా కదిలించి చూపిస్తుంటే ఈ చాదస్తమేమిటని లోలోపల విసుక్కునేదాన్ని. చేత్తో గీస్తే తేడా కంటిని తప్పించుకోదనేవారు ఆవిడ.

ఒకసారి తుపాను పుట్టిన రోజు పొద్దున్న మేఘం చెదిరిన దూదిలా ఉంది. మా తమ్ముడు సత్తిబాబు కొల్లేరు పక్కన చేపల చెరువు గట్టుమీద, పాకలో కాపలా ఉండేవాడు. వచ్చేయమంటావా అని ఫోన్ చేశాడు. ఏం కాదు, ఉండమన్నాను, పెద్ద తెలిసినదానిలా. మేడం క్లాసులకు వెళ్ళాక ఇక బొమ్మలు తెరవనేలేదు. ఇంతలో ఏం మారిపోతుందిలే అని అదే గీతను ఎనిమిది కాగితాల మీద దించి, టైములు వేసి పెట్టాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

మధ్యాహ్నం మేడం వాటిని అద్దానికి పెట్టారు. గీతలన్నీ ఒక్కటిగా కలిసిపోయాయి.

"ఇవి చూసి గీశావా అమ్మా?"

"లేదండీ."

ఆవిడ కొత్త బొమ్మ తెరిచారు. దూది లేదు. బండిచక్రంలా బిగుసుకుపోయిన మేఘం, నడుమ నల్లటి కన్ను. ఒక్క పూటలో! తమ్ముడు చెరువు గట్టుమీదే ఉన్నాడని చెప్పాను. ముందు వాడికి ఫోన్ చేయమన్నారు మేడం. మూడోసారికి ఎత్తాడు. వెంటనే అక్కణ్ణుంచి బయల్దేరమన్నాను.

"నువ్వేగా ఉండమన్నావు అక్కా," అన్నాడు.

వాడు చీకటి పడేలోగా పెదపాడు ఊళ్ళోకి చేరాడు. తెల్లారి వాడు వెళ్ళి చూస్తే పాక లేదు, గట్టూ లేదు. అంతా నీళ్ళే.

మేడం నన్ను తిట్టలేదు. నా గీతలు చెరిపి, టైములు ఉంచి, ఒక్కో కాగితం మీద 'చూడలేదు' అని రాశారు. చింపేయండి మేడం అని ఏడ్చాను.

"చూడలేదన్నది కూడా రాసి ఉండాలమ్మా," అన్నారు.

ఇప్పుడు ఆవిడ లేరు. కాగితాలు నా దగ్గరున్నాయి. ఇవాళ మళ్ళీ బంగాళాఖాతంలో మేఘం కడుతోందట. కట్ట ఇంకా చేతిలో ఉండగానే సత్తిబాబు ఫోన్ చేసి, ఎలా ఉందక్కా అని అడిగాడు.

"ఇంకా చూడలేదురా. చూసి చెప్తాను," అన్నాను.