రేపల్లె మల్కు

దేవసహాయం ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు రేపల్లెలో లేరు. రైసు మిల్లులో బస్తాలు దింపే పని అయిపోయినా అతని కాళ్లు ఆగవు. స్టేషను దాకా వెళ్లి, తెనాలి బండి వచ్చిందో లేదో చూసి వస్తాడు. ఎవరొస్తున్నారని అడిగితే ఎవరూ రారంటాడు.

అలాంటి మనిషికి ఏడాదికొక్క రోజు మాత్రం అందరూ ‘అయ్యా’ అని దణ్ణం పెడతారు. గుడ్ ఫ్రైడే నాడు చర్చి ఆవరణలో వేసే నాటకంలో అతనిది మల్కు వేషం. మల్కు ప్రధాన యాజకుడి దాసుడు. యేసును పట్టుకోవడానికి వచ్చిన గుంపులో ఉంటాడు. పేతురు కత్తి దూసి అతని కుడి చెవి నరికేస్తాడు, యేసు ముట్టుకుని బాగుచేస్తాడు. బైబిల్లో అతని కథ అంతే. నాటకంలో తెగిపడే చెవిని దేవసహాయం భార్య హైమావతి మైదాపిండితో చేసి, బీట్‌రూట్ రసం పూస్తుంది. నాటకం అయ్యాక చెవిపోటు పిల్లల్ని ఎత్తుకుని తల్లులు వరసలో నిలబడతారు. దేవుడు బాగుచేసిన చెవి గలవాడు ముట్టుకుంటే మంచిదని నమ్మకం. హిందువులూ వస్తారు. దేవసహాయం వేషం తీయకుండా ఒక్కో చెవి మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తాడు.

హైమావతి మాత్రం ఆ వరసలో ఎన్నడూ నిలబడలేదు. ఆమె ఎడమ చెవికి వినబడదు. కాలవలో మునిగినప్పుడు నీళ్లు వెళ్లి పాడైందని ఊరంతా నమ్మింది, ఆమే అలా చెప్పింది. నిజం వేరు. పెళ్లయిన కొత్తలో దేవసహాయం తాగి తాగి కామెర్లు తెచ్చుకుంటే, మంచాన పడ్డ మనిషిని చంటిబిడ్డలా సాకి లేపింది. లేచి తిరగడం మొదలుపెట్టిన వారమే అతను మళ్లీ తాగొచ్చాడు. ఇదేంటని అడిగినందుకు చెంప మీద లాగి కొట్టాడు. ఆ చెవి ఆరోజే పోయింది. ఆ తర్వాత మందు ముట్టలేదు గాని, ఆమె చెప్పిన అబద్ధం చాటున ఇన్నేళ్లూ హాయిగా దాక్కున్నాడు. హాయి అన్నానే, ఆ మాట తప్పు. దాక్కున్నవాడికి కూర్చోబుద్ధి కాదు.

ఈ ఏడు కొత్తగా వచ్చిన పాస్టరు వినోద్ కుమార్ బాగా చదువుకున్నవాడు. చదివింది కడుపులో దాచుకునే రకం కాదు. రిహార్సల్‌లో మల్కు గురించి ఒక సంగతి బయటపెట్టాడు.

“ఆ రాత్రే విచారణలో ఒక బంట్రోతు ప్రభువును చెంప మీద కొడతాడు గదండి. బైబిల్లో వాడి పేరు లేదు. వాడు మల్కేనని పూర్వం కొందరు చెప్పారు. యూరప్‌లో దాని మీద కథలు కూడా అల్లుకున్నారు. బాగుచేసినాయన్నే కొట్టాడు కాబట్టి, భూమి కింద ఒక స్తంభం చుట్టూ తీర్పుదినం దాకా నడుస్తూనే ఉంటాడంట. కూర్చోడానికి లేదు. ఈసారి ఆ దెబ్బ మీరే కొట్టాలి, దేవసహాయం గారూ.”

“కొట్టడండి,” అన్నాడు దేవసహాయం. “బాగుపడ్డోడు ఎందుకు కొడతాడండి?”

మర్నాడు పని మానేసి తెనాలి బండెక్కాడు. అక్కడ కతోలిక ఫాదరు గారిని అడిగితే అదంతా కథేనన్నారు గాని, మల్కు కొట్టలేదని మాత్రం అనలేదు. అక్కణ్ణుంచి బాపట్ల వెళ్లి, తనకు బాప్తిస్మమిచ్చిన ముసలి పాస్టరు గారి గుమ్మంలో నిలబడ్డాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆయన అంతా విని, “ఇంతకీ నీకెందుకురా అంత బాధ?” అన్నారు. దేవసహాయం మంచినీళ్లు తాగి వచ్చేశాడు.

చివరికి ఇంటికొచ్చి హైమావతిని అడిగాడు. ముందుగా అడగాల్సింది ఆమెనేనని ఎవరికైనా తడుతుంది, ఈ మహానుభావుడికి తప్ప.

“మల్కు కొట్టుంటాడంటావా?”

“కొట్టుంటాడు,” అంది ఆమె, నాటకం చెవికి పిండి కలుపుతూ. “బాగుపడ్డాకే గదయ్యా చేతికి బలమొచ్చేది.”

గుడ్ ఫ్రైడే సాయంత్రం అతని చెవి తెగింది, బాగైంది. విచారణ ఘట్టంలో యేసు వేషం వేసిన కిరణ్ కుమార్ ముందు నిలబడి చెయ్యెత్తాడు. తెర పక్కనుంచి పాస్టరు సైగ చేస్తున్నాడు. కొట్టాడు. నాటకం దెబ్బే, తగలను కూడా లేదు. అయినా ముందు వరసలో ఒకావిడ బిడ్డ చెవిని కొంగుతో కప్పేసింది.

నాటకం అయ్యాక ఇద్దరు ముగ్గురు తల్లులు దగ్గరికి రావాలో వద్దో తెలియక దూరంగా ఆగారు. దేవసహాయం వాళ్లను దాటుకుని ఆడవాళ్లు కూర్చున్న చాప దగ్గరికి నడిచాడు. హైమావతి పక్కన కాస్త ఖాళీ ఉంటే అక్కడే కూలబడ్డాడు.

“హైమా, నీ చెవి పోయింది కాలవ నీళ్లకు కాదు. నేను కొట్టినందుకు. మందు తాగొచ్చి నేనే కొట్టాను. అందరికీ తెలియాలి.”

మెల్లగానే అన్నాడు గాని, చాప మీది ఆడవాళ్లందరూ విన్నారు. విన్న మాట వెనకవాళ్లకు చెప్పారు. హైమావతి మాత్రం అతని పెదాల వంక చూస్తూ ఉండిపోయింది.

“ఏంటయ్యా అంటున్నావు? ఈ పక్క కూర్చుంటే నాకు వినపడదు గదా. ఇటొచ్చి చెప్పు.”